పాఠం కంటే ముందు అరగంట

“రెండు నెలల్నుంచి రాలేదు గదండీ, అందుకని ఆపేశాం.”

ఫిట్స్ బిళ్ళల గురించి అమృతలూరులో డాక్టరుగా నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. చెప్పేవాళ్ళ మొహంలో బెదురు ఏ కోశానా ఉండదు. పైగా సంతోషం. బిడ్డకి నయమైందని, నెలనెలా మందుల ఖర్చు తప్పిందని, రేపు సంబంధాలు చూసేటప్పుడు దాచుకోవాల్సిన సంగతి ఒకటి తగ్గిందని. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. రాకుండా ఆపుతున్నదే ఆ బిళ్ళ గదమ్మా, దాన్నే మానేస్తే ఎట్లా? వాళ్ళు తలూపుతారు. మూడో నెలలో ఆటోలో బిడ్డను పడుకోబెట్టుకుని వస్తారు.

ఆపేసినవాళ్ళందరిలోకీ నన్ను ఎక్కువగా కుంగదీసేది ఇంటి దగ్గరే చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు. బడికి వెళ్ళలేని పిల్లలు వీళ్ళు. నెలలు నిండకుండా పుట్టో, పుట్టగానే ఏడవకో, పుట్టిన వారంలో వచ్చిన పచ్చకామెర్లు ముదిరో మెదడు దెబ్బతిన్నవాళ్ళు. కాళ్ళూ చేతులూ కర్రల్లా బిగుసుకుంటాయి, మాట ముద్దగా వస్తుంది లేదా రానే రాదు. సెరిబ్రల్ పాల్సీ అంటాం. వీళ్ళలో చాలామందికి మూర్ఛ కూడా తోడవుతుంది. అయినా ఎంతోమందికి బుద్ధి చక్కగా పనిచేస్తుంది. కళ్ళలోకి చూసి రెండు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2012లో చేసిన సవరణతో తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు కూడా దక్కింది. మన రాష్ట్రంలో ఇట్లాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. వాటి టీచర్లు మంచం పట్టిన పిల్లల ఇళ్ళకే వెళ్ళి నేర్పుతారు. ఎండలో, వానలో స్కూటీ మీద ఊరూరా తిరిగే ఆ టీచర్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ టీచరు వచ్చేది వారంలో ఏదో ఒక పూట. మిగతా రోజులన్నీ ఇల్లే బడి, అమ్మానాన్నా తాతా నాయనమ్మే పంతుళ్ళు. ఆ బడి పొద్దున ఎట్లా మొదలవుతోందన్నదే నా బాధ.

ఒక ఇంటికి చూడటానికి వెళ్ళాను, పొద్దున్నే. టీవీ హోరు. తండ్రి ఫోన్లో ఎవరితోనో గొడవ. తల్లి గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి దొడ్లోకి పరుగులు. పిల్లవాడు మంచం మీద. గిన్నె చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడు, ఉలిక్కిపడ్డప్పుడల్లా ఒళ్ళంతా విల్లులా బిగుసుకుంటోంది. “తొమ్మిదింటికి టీచరమ్మ వస్తుందండీ, వీడు చూడండి ఎట్లా మొండికేస్తున్నాడో” అంది తల్లి. అది మొండితనం కాదు. ఈ జబ్బులో కంగారు, భయం, పెద్ద చప్పుడు కండరాలను ఇంకా బిగదీస్తాయి. పిల్లవాడి చేతిలో లేని సంగతి అది. అట్లా బిగిసిన చేత్తో సుద్దముక్క పట్టుకోమంటే ఎట్లా పట్టుకుంటాడు? ప్రశాంతత ఈ పిల్లలకు వైద్యంలో భాగం. నేను రాసిచ్చే మందుల చీటీలో దానికీ చోటుండాలి.

రెండో సంగతి అన్నం. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోయడం మన పెద్దవాళ్ళకు అలవాటు. మింగడం సరిగా రాని పిల్లకు అట్లా పోస్తే సగం కడుపులోకి, సగం ఊపిరితిత్తుల్లోకి. నెల తిరక్కుండా దగ్గు, జ్వరం, న్యుమోనియా. వీపుకు ఆనింపు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. చెంచాతో కొద్దికొద్దిగా, ఒక ముద్ద మింగాకే మరో ముద్ద. తిన్నాక కనీసం అరగంట అట్లాగే కూర్చోనివ్వాలి. ఇది చెబితే ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఒకటే: “అరగంట నేను పక్కన కూర్చుంటే పనులెవరు చేస్తారండీ?”

ఆ ప్రశ్నకు జవాబు నాకు ఒక రైతు ఇంట్లో దొరికింది. ఊరి పేరు చెప్పను, మా మండలమే. పిల్లవాడి తాత పెట్టిన పద్ధతి అది. పొద్దున ఆరింటికి అందరూ లేవాలి, పిల్లవాడితో సహా, ఆదివారమైనా పండగైనా. నాయనమ్మ దీపం పెడుతుంది. తండ్రి కొడుకు కాళ్ళూ చేతులూ ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు మెల్లగా సాగదీస్తాడు. తర్వాత వసారాలో చాప. టీవీ లేదు, ఫోన్లు లోపలే. అందరూ అక్కడే టిఫిను. పిల్లవాడు మూలకు ఆనించిన కుర్చీలో నిటారుగా, మెత్తగా మెదిపిన ఇడ్లీతో. తినడం కాగానే మందు. మందు పట్టేది అక్క, క్యాలెండర్ మీద గీత గీసేది తాత. ఆ తర్వాతి అరగంట, అదే నేను బతిమాలే అరగంట, అక్క ఒక కథ పైకి చదువుతుంది.

చదివేది పాత చందమామలు. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో మొదలుపెట్టిన పత్రిక అది. చక్రపాణిదీ తెనాలే, ఆ పత్రికను ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. మన పక్క ఊరివాళ్ళు పిల్లల కోసం రాయించిన తెలుగు మన వసారాల్లోనే వినిపించకపోతే ఎక్కడ వినిపిస్తుంది? ఆ పిల్లవాడు మాట్లాడలేడు. కథలో దొంగ దొరికిపోయినప్పుడు మాత్రం కిలకిలా నవ్వుతాడు, అదీ అక్క దొరికాడని చదవడానికి ఒక క్షణం ముందే. కథ ఎటు పోతోందో ముందే పట్టేస్తున్నాడన్నమాట. వీడికి ఏం అర్థమవుతుందిలే అన్న బంధువులంతా ఒక్క పొద్దున వచ్చి ఆ నవ్వు చూడాలి.

కథ అయ్యాక తాత పళ్ళెంలో మినుములు పోసి లెక్కలు మొదలుపెడతాడు. అప్పటికి చేతులు వదులై ఉంటాయి. కడుపు నిండి ఉంటుంది. నిద్రమత్తు వదిలి ఉంటుంది. మందు ఒంట్లో ఉంటుంది. చదువు ఎక్కడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ కుటుంబం ఒక్కనాడు కూడా “మందు ఆపేశాం” అని నా దగ్గరికి రాలేదు. అందరి కళ్ళ ముందూ, ఒకే వేళకు, అన్నంతో పాటు పడే మందును మరిచిపోవడం కష్టం.

మరిచిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఈ మందు రక్తంలో ఎప్పుడూ ఒక మట్టానికి తగ్గకుండా ఉండాలి. మన కాలువ చివరి పొలాలకు వంతు నీళ్ళు తప్పితే వారంలో నెర్రెలు విచ్చినట్టు, వరసగా పూటలు తప్పితే మెదడుకు కాపు లేకుండా పోతుంది. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి వచ్చే ప్రమాదముంది. నిద్ర చాలకపోవడం దానికి ఆజ్యం పోస్తుంది.

ఊడ్పుల రోజులొస్తే నాకు గుండె దడ. తెల్లవారకముందే ఆడవాళ్ళు క్యారేజీలు కట్టుకుని ట్రాక్టర్లెక్కుతారు. మినుము తీతలప్పుడూ అంతే. కూలి మానుకోమని నేనెట్లా చెప్పగలను? ఆ వారాల్లో పొద్దుటి మందు ఎవరి చేతికి అప్పజెప్పారన్నదే నేను అడిగేది. తాతకా, పెద్దపిల్లకా, పక్కింటి పిన్నికా? ఎవరికీ లేదంటే నేను కేకలేస్తాను. వేళ ఐదింటికి మార్చుకోండి, అందరూ ఐదింటికే చాప మీద కూర్చోండి, పది నిమిషాలైనా సరే. కానీ రోజూ అదే వేళ.

గోవాడ శివరాత్రి తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదులుతాయి. ప్రభల వెలుగులు చూడటం పిల్లలకు ఎంత సంబరమో నాకు తెలుసు. ఒక అమ్మాయి ఉండేది, ఎనిమిదేళ్ళది. ఇంట్లోనే అ ఆలు దిద్ది, తన పేరు తానే రాసుకునేది. సంవత్సరం పైగా ఫిట్స్ లేవు. ఒక బంధువు చెప్పాడని తిరునాళ్ళకు ముందు బిళ్ళలు మాన్పించి, ఎవరో ఇచ్చిన పసరు ముక్కులో పిండి, తాయెత్తు కట్టారు. శివరాత్రికి తెల్లవార్లూ జాగారం. తెల్లారాక మొదలైన ఫిట్స్ ఆగలేదు. చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారు, నోట్లో నీళ్ళు పోశారు. చేయకూడనివన్నీ చేసి గంట తర్వాత నా దగ్గరికి తెచ్చారు. సూది వేసి, ఆక్సిజన్ పెట్టి తెనాలి పంపాను, అక్కణ్ణుంచి గుంటూరు పెద్దాసుపత్రికి. బతికింది. తిరిగొచ్చాక పేరు రాయమని పలక ఇస్తే చాలాసేపు చూసి, పలకను పక్కన పెట్టేసింది. ఆ తల్లి నా ముందు కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. ఆమె మీద నాకు కోపం లేదు. తాయెత్తు అమ్మినవాడి మీద ఉంది, బిళ్ళలు మానెయ్యమని సలహా ఇచ్చి భోంచేసి వెళ్ళిపోయిన బంధువు మీద ఉంది.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరిగా మందులు వాడితే వాళ్ళలో 70 శాతం వరకూ ఫిట్స్ లేకుండా బతకవచ్చని కూడా ఆ సంస్థే అంటోంది. ఇంత చవకైన మందుతో ఇంత మేలు జరిగే జబ్బులు తక్కువ. అందుకే ఆ మేలు పోగొట్టుకుంటుంటే నాకంత కడుపుమంట.

2020 మార్చిలో కరోనాతో బళ్ళు మూసేశాక కొన్నాళ్ళు ప్రతి ఇల్లూ బడైంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు పొద్దున లేస్తూనే పుస్తకాలు ముందేసి, సాయంత్రానికి పిల్లలతో పాటు తామూ విసిగిపోయి తలనొప్పి మాత్రల కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళకూ నేను చెప్పింది ఇదే: ముందు కలిసి కూర్చోండి, కలిసి తినండి, ఒక కథ వినండి, తర్వాత పుస్తకం తెరవండి.

ఇది చదివేవాళ్ళ ఇంట్లో గానీ, వీధిలో గానీ ఇట్లాంటి బిడ్డ ఉంటే నా మాటలు వాళ్ళకు చేరవేయండి. ఫిట్స్ వస్తే చుట్టూ ఉన్నవి తొలగించి, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు, పోయవద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. బిళ్ళలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. సాధారణంగా కనీసం రెండేళ్ళు ఫిట్స్ రాకుండా గడిచాక, పరీక్షలు చూసి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తాం. కొందరికి ఎప్పటికీ వాడాల్సి రావచ్చు, అదీ దాచకుండా చెబుతాం. ఆపాలనిపించిన రోజున బిడ్డను తీసుకుని ఒక్కసారి రండి. ఆ రోజు నాకు ఫీజు ఇవ్వక్కర్లేదు.