ఏం పని మీద పోయినవ్?

"ఏం పని మీద పోతున్నవ్ బిడ్డా?"

తెల్లారగట్ల నాలుగున్నరకు బండి బయటికి తీస్తుంటే మా అమ్మ అడిగిన మాట ఇది. 2024 దసరా సెలవులు. నాచారంలో మా గల్లీ ఇంకా నిద్రలో ఉంది. నైట్ షిఫ్టు దిగినోళ్ళు ఇద్దరు ముగ్గురు టిఫిన్ డబ్బాలు పట్టుకొని ఇండస్ట్రియల్ ఏరియా దిక్కు నుంచి నడిచి వస్తున్నరు.

"ఏం పని లేదమ్మా. ఊకెనే. ఆదిలాబాద్ దిక్కు గుట్టలు, జలపాతం చూసొస్త."

"ఒక్కనివే?"

"ఒక్కన్నే."

నాకు ఏదో చెడ్డ అలవాటు అంటుకున్నట్టు చూసింది అమ్మ. కాసేపు ఆగి, "బడి కార్డు జేబుల పెట్టుకో. ఎవలన్న ఆపితే చూపియ్యి" అన్నది.

నాకు ముప్పై ఐదేండ్లు. సర్కారు బడిలో సోషల్ చెప్పే సారును. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోన్ని. నెలనెలా జీతం వస్తది. అయినా పనిలేకుంట రోడ్డు మీద కనబడే మాదిగోన్ని ఎవరో ఒకరు ఆపి అడుగుతరనే భయం అమ్మకు ఇంకా పోలేదు. ఆ భయం ఉత్తగ పుట్టింది కాదు.

మా తాత తిరిగినన్ని ఊర్లు మా వంశంలో ఎవ్వరూ తిరగలేదు. భువనగిరి అవతల మా ఊర్లో ఆయన వెట్టి మాదిగ. పెద్దోళ్ళ ఇంట్లో ఎవరన్న చస్తే ఆ చావు కబురు మోసుకొని వాళ్ళ చుట్టాల ఊర్లకు పోవాలె. తాసిల్దారో గిర్దావరో వస్తే వాళ్ళ సామాను నెత్తిన పెట్టుకొని పక్క ఊరి పొలిమేర దాకా దించి రావాలె. వానలేదు, ఎండలేదు. ఎన్ని ఊర్లు తిరిగిండో లెక్కలేదు గానీ ఏ ఊరినీ చూడలేదు. ఊరి బయట నిలబడి కేకేసి, కబురు చెప్పి, వచ్చిన తొవ్వనే మళ్ళిండు. మా నాయిన జీవితంలో చేసిన పెద్ద ప్రయాణం ఒక్కటే. ఒక మూట, ఒక గడ్డపార, ఎంట మా అమ్మ. వరంగల్ దిక్కు నుంచి వచ్చే బస్సు ఉప్పల్ చౌరస్తాలో దించితే దిగిండు. నాచారం ఫ్యాక్టరీలల్ల లోడింగు చేసిచేసి ఇక్కడనే మన్నుల కలిసిండు.

ప్రయాణమంటే మాకు ఎవరిదో పని. బరువు లేకుంట, కబురు లేకుంట, కూలి లేకుంట ఒక మనిషి రోడ్డెక్కుతడా? అమ్మ అడిగింది అదే.

నన్ను రోడ్డెక్కించింది మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె. దక్కన్ పీఠభూమి పాఠం చెప్తున్న. పడమటి భాగమంతా ఒకప్పుడు లావా గడ్డకట్టి అయిందని, అది ఆదిలాబాద్, వికారాబాద్, జహీరాబాద్ దాకా వచ్చిందని బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తున్న. ఆ పిల్ల లేచి "సార్, గా రాయి మీరు చూసిండ్రా?" అన్నది. "లేదు" అన్న. "మరి ఎట్ల చెప్తున్రు సార్?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్విన. నవ్వైతే నవ్విన గానీ ఆ మాట నన్ను ఇడువలేదు. చూడని దాన్ని నమ్ముడు, నమ్మింది చెప్పుడు మాకేం కొత్త? మా గురించి చెప్పినయన్నీ అట్ల నమ్మించినయే.

ఆ రాయి గురించి చెప్పేటోళ్ళు మా ఇంటికి దూరం కూడా కాదు. హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డు మీద ఎన్‌జీఆర్‌ఐ ఉంది. భూమి లోపలి సంగతి చూసే సంస్థ, 1961లో పెట్టిన్రు. 1993లో లాతూరు భూకంపం వచ్చి వేలమంది చచ్చిపోయినంక వాళ్ళే కిల్లారిలో బోరు దింపి చూస్తే, 338 మీటర్ల దాకా నల్లటి లావా రాయే వచ్చింది. దాని కింద గానీ పాత రాయి తగలలేదు. చిన్నప్పుడు ఆ గోడ పక్క నుంచి ఎన్నిసార్లు నడిచిననో. మాకది ఒక బస్టాపు పేరు. ఇప్పుడు మెట్రో స్టేషన్ పేరు.

సికింద్రాబాద్ దాటి మేడ్చల్ రోడ్డు ఎక్కేసరికి తెల్లారుతున్నది. తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి. రోడ్డు పక్కన తంగేడు, గునుగు విరగబూసి ఉన్నయ్. గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుట్టలు ఎంట వస్తనే ఉన్నయ్. అది మన హైదరాబాద్ రాయి, దాని వయసు సుమారు 250 కోట్ల ఏండ్లు. ఒక హోటల్ కాడ చాయ్ తాగుతుంటే పక్కన కూర్చున్నాయన "ఎటు సార్? ఏం పని మీద?" అన్నడు. "ట్రెయినింగు ఉంది" అన్న. ఎందుకన్ననో నాకే తెల్వదు. మా అమ్మకు చెప్పిన నిజం ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. ఉత్తగ తిరగనీకి నాకు హక్కు లేదని నా లోపల ఎవరో కూర్చొని చెప్తున్నట్టున్నది.

ఆర్మూర్ దాటి సోన్ కాడ గోదావరి. అక్కడి నుంచి నిర్మల్. 1860లో రాంజీ గోండునూ, ఆయన మనుషులనూ మర్రిచెట్టుకు ఉరేసిన ఊరు. వెయ్యి ఉరుల మర్రి అని ఇప్పటికీ చెప్పుకుంటరు. ఊరు దాటినంక పాత ఘాట్ రోడ్డు ఎక్కిన. మహబూబ్ ఘాట్ అంటరు. మలుపులు తిరుగుతుంటే రాయి మారింది. గుండ్లు పోయినయ్. పొరలు పొరలుగ, నల్లగ, పగుళ్ళు బారిన రాయి.

బండి ఆపి దిగి దాని మీద చెయ్యి పెట్టిన. ఎండకు కాలుతున్నది. సుమారు ఆరు కోట్ల అరవై లక్షల ఏండ్ల కింద ఇది పారే నిప్పు. గుట్ట పేలి ఎగజిమ్మింది కాదు. భూమి పొడుగునా పగిలి, ఆ నెర్రెల నుంచి పొంగి, నీళ్ళ లెక్క పారి గడ్డకట్టింది. దాని మీద మళ్ళొక పారకం, మళ్ళొకటి. ఇప్పటికీ దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు మిగిలి ఉన్నది. ఇంగ్లీషులో డెక్కన్ ట్రాప్స్ అంటరు. ట్రాప్ అంటే స్వీడిష్ భాషలో మెట్లు. ఈ రాయి అరిగి మన్నైతేనే నల్లరేగడి. పత్తి చేన్లల్ల మా అమ్మ కాళ్ళకు చెప్పుల లెక్క అతుక్కున్న రేగడి ఈ నిప్పు నుంచి వచ్చిందే.

1830లలో మద్రాసు సైన్యంలో డాక్టరు మాల్కంసన్ అనేటాయన ఈ దిక్కు గుట్టల్లో లావా పొరల నడుమ మంచినీళ్ళ నత్తల, గుల్లల శిలాజాలు చూసి రాసిండు. అంటే ఒక నిప్పు పారకానికీ ఇంకో నిప్పు పారకానికీ నడుమ ఇక్కడ కుంటలు ఉన్నయ్, ఆ నీళ్ళల్ల పానం ఉన్నది. చదివినప్పుడు ఆ ముచ్చట నాకు బాగ నచ్చింది. ఆ ఘాట్ మీద నిలబడ్డప్పుడు మాత్రం ఇంకొకటి తట్టింది. ఆయన పెట్టెలు, ఆయన ఏరుకున్న రాళ్ళు ఎవరు మోసిన్రు? ఆ మోసినోళ్ళ పేర్లు ఎవరు రాసిన్రు? మా తాతసొంటోళ్ళే అయి ఉంటరు. ఈ తొవ్వల మా కాళ్ళు ఎప్పుడో పడ్డయ్. కండ్లే పడలేదు.

నేరడిగొండ కాడ కుంటాల దిక్కు మళ్ళిన. అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. సీసాలో నీళ్ళు అయిపోయినయ్. తొవ్వ పక్కన ఒక పల్లె. మొదటి ఇంటి ముందు గద్దె మీద తడిబట్ట చుట్టిన కడవ. ఒక ముసలామె చాట పట్టుకొని కూర్చున్నది.

"అమ్మా, కొంచెం నీళ్ళు పోస్తవా?"

ఆమె నా బండిని చూసింది, బూట్లు చూసింది. "ఏమోళ్ళు సారూ మీరు?" అన్నది.

మా బడిలో అంబేద్కర్ జయంతి నాడు మైకు పట్టుకొని కులం దాచుకోవద్దని పిల్లలకు చెప్పేది నేనే. కానీ ఆ గడియలో నా నోటి నుంచి వచ్చింది ఇది: "హైదరాబాద్ నుంచి అమ్మా. సర్కారు బడిల సారును."

ఆమె కడవ దిక్కు చూసి, మళ్ళ నన్ను చూసి, "అగో, అక్కడ బోరింగున్నది. కొట్టుకోండ్రి సారూ" అన్నది.

మాదిగోన్నని కనిపెట్టింది అనుకున్న. ఎట్ల కనిపెట్టిందో, మాటలనో మొఖంలనో. బోరింగు కొట్టుకొని తాగిన. ఆ నీళ్ళు గొంతు దిగలేదు.

కుంటాలలో నాలుగు వందల దాకా మెట్లు దిగాలె. కడెం వాగు అక్కడ మెట్లు మెట్లుగ దుంకుతది, 147 అడుగులు. వానలు మంచిగ పడ్డ ఏడు. మాట వినబడనంత మోత. మీద తుంపర పడుతున్నది. ఈత వచ్చినోళ్ళనూ మింగిన నీళ్ళవి. దూరంగనే ఒక బండ మీద కూర్చున్న. చుట్టూ జంటలు, పిల్లలు, దోస్తులు. నా ఒక్కని కడుపులోనే ఇంకా ఆ బోరింగు నీళ్ళు మరుగుతున్నయ్.

బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' యాదికొచ్చింది. అది మొత్తం ప్రయాణాల పుస్తకమే. 1901లో తొమ్మిదేండ్ల పిలగాడు తండ్రి దగ్గరికి ఎడ్లబండి మీద పోతుండు. అంటరానోళ్ళమంటే నీళ్ళు దొరకవని, నాకా కాడ మేం ముసల్మానులమని చెప్పిండు. అయినా నీళ్ళు దొరకలేదు. 1934లో అదే మనిషి, అప్పటికి పెద్ద బారిష్టరు, ముప్పై మందితో వేరూలు గుహలు చూడనీకి పోతూ దౌలతాబాద్ కోట కాడ ఆగిండు. ఎంట ఉన్నోళ్ళల్ల కొందరు హౌజు నీళ్ళతో మొఖం, కాళ్ళు కడుక్కున్నరు. నీళ్ళు మైల చేసిన్రని ఒక ముసలాయన ఉరికొచ్చి లొల్లి పెట్టిండు. కోటలో నీళ్ళు ముట్టకుంట చూడమని ఎంట ఒక సిపాయిని తోలిన్రు. అప్పుడది మన నిజాం రాజ్యమే. ఆ కోట నిలబడ్డ గుట్ట, వేరూలు గుహలు తొలిచిన కొండ, రెండూ నేను పొద్దున చెయ్యి పెట్టిన ఈ నల్లరాయే. మన బడి పుస్తకంలో రాయి ఉంటది, కోట ఉంటది. హౌజు ముచ్చట ఉండదు.

తొమ్మిదేండ్ల పిలగాడు దప్పికకు అబద్ధమాడిండు. నేను ముప్పై ఐదేండ్లకు, జేబులో కార్డు పెట్టుకొని ఆడిన. సిగ్గనిపించింది. కోపం కూడా వచ్చింది. కోపమే ఎక్కువనుకుంట.

మాపటీలి తిరిగొస్తూ అదే ఇంటి ముందు బండి ఆపిన. ఆమె అక్కడ్నే ఉన్నది. దిగకుంటనే అన్న: "అమ్మా, పొద్దుగాల ఏమోళ్ళని అడిగినవ్ గద. నేను మాదిగోన్ని."

కొట్లాటకు తయారై అన్న మాట అది.

ఆమె చాట పక్కన పెట్టింది. "ముందుగాల్నే చెప్పొద్దా కొడుకా! పెద్దకులపు సారేమో, మా కడవల నీళ్ళిస్తే ఏమంటడో అని బోరింగు చూపిచ్చిన. మేం మాలోళ్ళం."

నాకు మాట రాలేదు. ఇద్దరం ఒకరినొకరం చూసి భయపడ్డం. ఇద్దరం ఎవరో మూడోవాన్ని చూసుకున్నం.

ఆ ఏడు ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కాడ్నుంచి మా బడిలో మాల సార్లూ నేనూ సరిగ మాట్లాడుకుంటలేం. ఆ తీర్పు న్యాయమైందని అప్పుడూ నమ్మిన, ఇప్పుడూ నమ్ముతున్న. మా ఊర్లో మాలోళ్ళ బాయిలో మాదిగోళ్ళు చేద వెయ్యకపోయేది. అది కూడ నేను మర్చిపోలేదు. ఈ ముసలామె వయసులో ఉన్నప్పుడు నాకు నీళ్ళిచ్చేదో లేదో. ఆమె కూడ ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది. అబద్ధమెందుకు చెప్పాలె. కానీ ఆగి, లేచి, కడవ మీది తడిబట్ట తీసింది. చెంబు ముంచి నా చేతికిచ్చింది. చేతికే ఇచ్చింది, పైనుంచి పొయ్యలేదు.

"ఏం పని మీద వచ్చినవ్ కొడుకా ఇంత దూరం?"

"ఏం పని లేదమ్మా. నీళ్ళు చూడనీకి వచ్చిన."

ఆమె నవ్వింది. "ఇంత కాడున్న నేనే సక్కగ చూడకపోతి. ఎప్పుడు పోయినా కట్టెలకే పోతి" అన్నది.

రాత్రి నిర్మల్‌లో పడుకొని తెల్లారి ఇల్లు చేరిన. ఘాట్ కాడ ఏరుకొచ్చిన నల్లరాయిని అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "పచ్చడి నూర మంచిగుంటది" అన్నది.

సెలవులైనంక రాయిని క్లాసుకు తీస్కపోయిన. పిల్లలు చేతులు మార్చుకుంట చూసిన్రు. దాంట్లో చిన్నచిన్న బొక్కలున్నయ్, కొన్నిట్లో తెల్లటి ఖనిజం నిండి కండ్ల లెక్క కనబడ్తది. నిప్పు చల్లారేటప్పుడు లోపలి గాలి చేసిన బొక్కలని చెప్పిన. మాల్కంసన్ గురించి చెప్పిన. సామాను మోసినోళ్ళ గురించి చెప్పిన. నీళ్ళ ముచ్చట కూడ చెప్పిన, నేను అబద్ధమాడింది దాచకుంట. క్లాసులో ఎవ్వరూ నవ్వలేదు.

ఆ పిల్ల రాయిని రెండు చేతుల పట్టుకొని అడిగింది. "సార్, నేను గూడ పోవచ్చా? ఊకెనే?"

పోవచ్చు అన్న.