ఎండెల్ స్ట్రీట్‌లో ఆడవాళ్ల దవాఖాన

కోవెంట్ గార్డెన్ స్టేషన్‌లో లిఫ్టు దిగి బయటికి రాగానే జనమంతా పాత మార్కెట్ వైపు మళ్లుతారు. అక్కడ గారడీవాళ్లు, పాటగాళ్లు, ఖరీదైన చాక్లెట్ దుకాణాలు. మేం మాత్రం లాంగ్ ఏకర్ రోడ్డు మీద కొంతదూరం నడిచి, ఎడమకు తిరిగి ఎండెల్ స్ట్రీట్‌లోకి పోయాం. "లండన్ దాకా వచ్చి గూడ మళ్ల దవాఖాననేనా అమ్మా?" అని నా బిడ్డ దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. ఆమె నవ్వడంలో తప్పులేదు. మాది వేములవాడ. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు సర్కారు దవాఖానల్లో స్టాఫ్ నర్సుగా, అందులో ఎక్కువ కాలం ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసి రిటైరైనదాన్ని. బిడ్డ ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇంటర్నెట్‌లో ఒక పాత పుస్తకం చదివాను. 1920లో డాక్టర్ ఫ్లోరా మర్రే అనే ఆమె రాసిన 'విమెన్ యాజ్ ఆర్మీ సర్జన్స్'. ఇప్పుడది ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. చదివాక ఆ స్థలం కళ్లతో చూడకుండా ఇంటికి తిరిగి వెళ్లబుద్ధి కాలేదు.

తీరా వెళ్తే అక్కడ దవాఖాన లేదు. డడ్లీ కోర్ట్ అనే ఇళ్ల సముదాయం ఉంది. బాల్కనీల్లో పూలకుండీలు, ఆరేసిన బట్టలు. గోడకు ఒక ఫలకం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ ఆడవాళ్లే నడిపిన మిలిటరీ దవాఖాన ఉండేదని చెప్పడానికి అదొక్కటే మిగిలింది. అంతకుముందు ఇది సెయింట్ గైల్స్ వర్క్‌హౌస్, అంటే దిక్కులేని పేదల చేత పని చేయించుకుని ఇంత తిండి పెట్టే సర్కారు సత్రం. ఆ పాత గోడల మధ్య 1915 మేలో 573 పడకలతో దవాఖాన తెరిచారు. 1919 చివరిదాకా నడిచింది. సుమారు 26,000 మంది రోగులు వచ్చారు, ఏడు వేల దాకా ఆపరేషన్లు జరిగాయి. సిబ్బంది నూట ఎనభై మంది దాకా ఉంటే అందులో మగవాళ్లు కొద్దిమందే. సర్జన్లు, మత్తు డాక్టర్లు, ల్యాబ్, ఎక్స్‌రే, పంటి డాక్టర్, చివరికి స్ట్రెచర్లు మోసేవాళ్లు కూడా ఆడవాళ్లే.

థియేటర్‌లో పనిచేసిన వాళ్లకు ఈ అంకెల బరువు తెలుస్తుంది. ఒక్కోరోజు ఇరవైకి పైగా ఆపరేషన్లు! పెన్సిలిన్ లేదు. ఇప్పటిలాంటి బ్లడ్ బ్యాంకు లేదు. వచ్చేవి తూటా గాయాలు, షెల్ ముక్కలు దిగిన గాయాలు, విరిగి బయటికొచ్చిన తొడ ఎముకలు. పైగా ఫ్రాన్స్ పొలాలు పశువుల ఎరువుతో నిండినవి. ఆ మట్టి గాయంలోకి పోతే కండ కుళ్లిపోయే గ్యాస్ గ్యాంగ్రీన్ పట్టేది.

ఈ దవాఖాన పెట్టిన ఇద్దరి కథ కొంచెం వివరంగా చెప్పాలి. చీఫ్ సర్జన్ లూయీసా గారెట్ ఆండర్సన్. బ్రిటన్‌లో 1865లో డాక్టరుగా అర్హత సంపాదించిన ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ కూతురు. దవాఖాన పెత్తనమంతా చూసినది ఫ్లోరా మర్రే, స్కాట్లాండ్ మనిషి, మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టర్. ఇద్దరూ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం కొట్లాడినవాళ్లే. 1912లో కిటికీ అద్దం పగలగొట్టినందుకు లూయీసాను హోలోవే జైల్లో పెట్టారు. జైల్లో నిరాహార దీక్షలు చేసి నీరసించి బయటికొచ్చిన ఆడవాళ్లకు వైద్యం చేసినది ఫ్లోరా. సర్కారు దృష్టిలో ఇద్దరూ గొడవ మనుషులు. అదే సర్కారు మూడేళ్లు తిరిగేసరికి సైన్యం దవాఖాన తాళాలు వాళ్ల చేతికిచ్చింది.

మంచి మనసుతో ఇచ్చిందనుకుంటే పొరపాటు. యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ సైన్యానికి ఆడ డాక్టర్లు అక్కర్లేదు. సర్జన్ ఎల్సీ ఇంగ్లిస్ వెళ్లి సేవ చేస్తామంటే, ఇంటికి పోయి ఊరికే కూర్చోమన్నారట. (ఈమె పుట్టింది మన నైనిటాల్‌లోనే, 1864లో.) ఆమె ఊరుకోక స్కాటిష్ విమెన్స్ హాస్పిటల్స్ పెట్టి ఫ్రాన్సుకు, సెర్బియాకు డాక్టర్లను పంపింది. లూయీసా, ఫ్లోరా తమ సర్కారును అడగడమే దండగనుకుని నేరుగా ఫ్రెంచ్ రెడ్‌క్రాస్ దగ్గరికి పోయారు. 1914 సెప్టెంబరులో పారిస్ చేరి, కొత్తగా కట్టిన క్లారిడ్జ్ హోటల్‌ను దవాఖానగా మార్చారు. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో ఆడ డాక్టర్ల చేతికి ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలే వచ్చేవారు. మగ రోగిని ముట్టుకునే అవకాశం చాలా అరుదు. అలాంటి వాళ్లు ఒక్కసారిగా సైనికుల కాళ్లూ చేతులూ కోయాల్సి వచ్చింది. బాగా చేశారన్న మాట లండన్ దాకా పాకింది. సైన్యం వైద్య విభాగం అధిపతి సర్ ఆల్ఫ్రెడ్ కియో 1915లో వాళ్లను పిలిచి లండన్‌లో పెద్ద దవాఖాన నడపమన్నాడు. అప్పటికి గాయపడి వచ్చేవాళ్లు పెరిగారు, డాక్టర్లు తగ్గారు. అవసరమే ఈ తలుపు తెరిచింది. ఆర్నెల్లలో మూతపడుతుందని సైన్యంలో కొందరు జోస్యం కూడా చెప్పారు.

లూయీసాకు, ఫ్లోరాకు సైన్యం అధికారుల స్థాయిలో జీతాలిచ్చారు, కమిషన్ మాత్రం ఇవ్వలేదు. అంటే పని కర్నలుది, మేజరుది. హోదా మాత్రం లేదు. కాంట్రాక్టు నర్సులున్న వార్డుల్లో పనిచేసినదాన్ని గనుక ఈ లెక్క నాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఫలకం దగ్గరినుంచి లోపలి ఆవరణ ఎక్కడుండేదో ఊహించుకుంటూ చుట్టూ తిరిగాం. ఫ్లోరా రాసినదాని ప్రకారం గాయపడ్డవాళ్లు ఎక్కువగా రాత్రిళ్లే వచ్చేవారు. అంబులెన్సులు గేటు దాటగానే గంట మోగేది. నిద్రలో ఉన్న ఆర్డర్లీలు లేచి పరుగెత్తి స్ట్రెచర్లు దించేవారు. శివరాత్రి జాతరప్పుడు మా వేములవాడ రాజన్న గుడి దగ్గర మెడికల్ క్యాంపులో డ్యూటీ చేసిన వాళ్లకు ఆ రాత్రులు కొంత అర్థమవుతాయి. వార్డులకు ఆడ సెయింట్ల పేర్లు పెట్టారు. మిలిటరీ దవాఖానల్లో ఉండే బోసి గోడలకు బదులు రంగురంగుల దుప్పట్లు, పూలు పెట్టారు. ఇద్దరు రచయిత్రులు, ఎలిజబెత్ రాబిన్స్, బియాట్రిస్ హారడెన్, వేల పుస్తకాలతో లైబ్రరీ నడిపారు. దుప్పటి రంగు చూసి ముచ్చటపడటం నేత పని ఊళ్ల దగ్గర పెరిగినదాన్ని గనుక నాకే అనిపించిందేమో గానీ, మంచాన పడ్డవాడికి కంటి ముందు ఏముందన్నది చిన్న విషయం కాదు.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపినది ఒక మందు. ఆ రోజుల్లో పెద్ద గాయానికి రోజూ కట్టు విప్పాలి, కడగాలి, మళ్లీ కట్టాలి. డ్రెస్సింగ్ ట్రాలీ చక్రాల చప్పుడు వినగానే రోగుల ముఖాలు మారిపోవడం నేను చూశాను. విరిగిన ఎముక మీదున్న గాయమైతే ఆ బాధ చెప్పనలవి కాదు. న్యూకాజిల్ సర్జన్ రూథర్‌ఫర్డ్ మోరిసన్ బిస్మత్, అయొడోఫామ్, పారఫిన్ కలిపి ఒక పేస్టు తయారుచేశాడు. గాయాన్ని బాగా తెరిచి, చచ్చిన కండ తీసేసి, శుభ్రం చేసి, ఈ పేస్టు పూసి కట్టు కడితే రోజుల తరబడి విప్పే పని ఉండదు. దాన్ని ఎండెల్ స్ట్రీట్‌లో పెద్దఎత్తున వాడి చూశారు. పాథాలజిస్ట్ హెలెన్ ఛాంబర్స్ గాయాల్లోని సూక్ష్మజీవులను పరీక్షించి ఫలితాలు లెక్కగట్టింది. లూయీసాతో కలిసి లాన్సెట్ పత్రికలో ప్రచురించింది.

ఆ పేస్టు పేరు బిప్! చదువుతూ ఉలిక్కిపడ్డాను. ఈఎన్‌టీ ఆపరేషన్లలో చెవిలో, ముక్కులో పెట్టే పసుపుపచ్చ బిప్ గాజ్ గుడ్డ నా చేతుల మీదుగా ఎన్నోసార్లు పోయింది. వేళ్లకంటిన ఆ అయొడోఫామ్ వాసన సబ్బుతో కడిగినా పోదు. ఎక్కువ మోతాదులో వాడితే వికటిస్తుందని తర్వాత తెలిసి పెద్ద గాయాలకు వాడటం మానేశారు గానీ, చెవి ముక్కుల దగ్గర అది ఇప్పటికీ బతికే ఉంది.

మరో రోజు ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని విమెన్స్ లైబ్రరీకి వెళ్లాం. ఎండెల్ స్ట్రీట్ నుంచి నడిచిపోయే దూరమే. లూయీసా తల్లికి రాసిన ఉత్తరాలు అక్కడే దాచారు. పెన్ను బయటే పెట్టాలి, పెన్సిలే గతి. కాగితాన్ని నురుగు దిండు మీద పెట్టి చదవాలి. చేతిరాత నాకు కొరుకుడుపడలేదు. బిడ్డ చదివి మెల్లగా చెప్తుంటే విన్నాను. పారిస్‌కు పోయినప్పుడు రాసిన ఒక ఉత్తరంలో, నా వయసులో నువ్వుంటే ఇదే పని చేసేదానివి అని తల్లికి రాసింది. తల్లికప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. దారి పొడుగునా నవ్విన మా పిల్ల ఆ ఉత్తరం దగ్గర నవ్వలేదు.

ఫ్లోరా మత్తు డాక్టరని చదివినప్పుడల్లా నాకు మన హైదరాబాద్ రూపాబాయి ఫర్దూన్‌జీ గుర్తొచ్చింది. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరు, పార్సీ. 1889లో పట్టా పుచ్చుకుంది. ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ దగ్గర క్లోరోఫాం ఇవ్వడం నేర్చి, ప్రపంచంలో మొదటి మహిళా మత్తు వైద్యురాలని పేరు తెచ్చుకుంది. క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరినా అని తేల్చడానికి నిజాం సర్కారు వెయ్యి పౌండ్లిచ్చి మరీ లాన్సెట్ తరఫున లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను హైదరాబాద్‌కు రప్పించిన కాలమది. ఊపిరినే అని వాళ్లు తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని 1911లో లీవీ అనే డాక్టర్ చూపించాడు. వాళ్లు తేల్చింది తప్పే కావచ్చు. ఎండెల్ స్ట్రీట్ తెరవడానికి పాతికేళ్ల ముందే మన దగ్గర ఒక ఆడమనిషి ఆపరేషన్ బల్ల తల దగ్గర నిలబడి రోగి ప్రాణం కాసిందన్నది మాత్రం నిజం. 1909లో ఆమె పై చదువుకు ఎడిన్‌బరో కూడా వెళ్లింది.

ఇంకో సంగతి మింగుడుపడదు. అదే యుద్ధంలో గాయపడిన భారత సిపాయిలను బ్రైటన్‌లోని రాజభవనంలో, చుట్టుపక్కల దవాఖానల్లో ఉంచారు. అక్కడ తెల్ల నర్సులు భారతీయులకు దగ్గరుండి సేవ చేయకూడదని, పర్యవేక్షణతో ఆగిపోవాలని సైన్యం కట్టడి చేసింది. లండన్‌లో ఆడవాళ్ల చేతికి కత్తి ఇచ్చిన సైన్యం, బ్రైటన్‌లో వాళ్ల చేతిలోంచి కట్టు గుడ్డ లాక్కుంది. రెండూ ఒకే సైన్యం, ఒకే సంవత్సరం.

1917లో లూయీసాకు, ఫ్లోరాకు సీబీఈ బిరుదులొచ్చాయి. 1918లో ముప్పై దాటిన ఆడవాళ్లలో చాలామందికి ఓటొచ్చింది. అదే ఏడాది స్పానిష్ ఫ్లూ వచ్చి వార్డులు నింపింది. చివరి రోగి వెళ్లాక దవాఖాన మూశారు. ఆ తర్వాత ఏం జరిగింది? యుద్ధకాలంలో ఆడపిల్లలను చేర్చుకున్న లండన్ మెడికల్ స్కూళ్లలో చాలావరకు 1920ల్లో మళ్లీ తలుపులు మూసుకున్నాయి. ఏడు వేల ఆపరేషన్లు చేసినవాళ్లు తిరిగి ఆడవాళ్ల, పిల్లల దవాఖానలకే పోవాల్సొచ్చింది. పనితనం నిరూపిస్తే గౌరవం దానంతటదే వస్తుందనే మాట నేను సర్వీసంతా విన్నాను. ఎండెల్ స్ట్రీట్ చూశాక ఆ మాట నమ్మను. వాళ్లు నిరూపించారు, అయినా పంపించేశారు.

ఫ్లోరా 1923లో పోయింది, లూయీసా 1943లో. ఇవన్నీ ఇవాళ మనకు తెలియడానికి కారణం ఒకటే. దవాఖాన మూసిన ఏడాదిలోపే ఫ్లోరా కూర్చుని ఎవరు ఏం చేశారో పేర్లతో సహా రాసింది.

మన దగ్గర ఎవరు రాశారు? వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దవాఖానల్లో మొట్టమొదట కత్తి పట్టిన లేడీ డాక్టరమ్మ ఎవరు, పక్కన నిలబడ్డ సిస్టర్ ఎవరు, కరెంటు పోయిన రాత్రి టార్చిలైటు పట్టుకున్న ఆయమ్మ ఎవరు? మీ ఇళ్లల్లో ముసలమ్మలకు గుర్తుంటుంది. వాళ్లున్నప్పుడే అడగండి. ఊరు, సంవత్సరం, పేరు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి.