జైసల్మేర్‌లో జమ్మిచెట్టు

రెండు నెలలుగా పోస్టు లేదేమని అడుగుతున్నారు. నేనిప్పుడు రాజస్థాన్‌లో, జైసల్మేర్‌లో ఉన్నా. మావాడికి ఇక్కడ గాలిమరల కాడ ఉద్యోగం. ఐదో బోరూ ఎండిపోయినాక చేను కౌలుకిచ్చి వచ్చేసినా.

మొదటి వారం గడప దాటలేదు. రాళ్లు, ఇసుక, ఏముంది చూసేదానికి అనుకున్నా. ఒకరోజు పొద్దున్నే ఊరి బయటికి నడిస్తే ఎదురుగా జమ్మిచెట్టు! దసరాకి మనం మొక్కేదే. వీళ్లు ఖేజ్రీ అంటారు. చేలో మొలిస్తే పీకరు. ఆకు మేకలకు, ఒంటెలకు. లేత కాయలు ఎండబెట్టి ఏడాదంతా కూర వండుతారు. తిన్నా, బాగుంది. సజ్జ రొట్టెలకు మాత్రం నా పళ్లు ఒప్పుకోలేదు.

అప్పట్నుంచి రోజూ తిరుగుడే. అట్లా తిరుగుతా ఖడీన్ చూసినా. పైన రాతినేల, దాని మీద పడిన వాన పల్లానికి జారుతుంది. అక్కడ అడ్డంగా పొడుగాటి మట్టికట్ట వేసి నీళ్లు నిలబెడతారు. ఎక్కువైతే పోయేదానికి మరవ. నీళ్లు ఇంకినాక ఆ పదునులోనే గోధుమ, శనగ విత్తుతారు. బోరు లేదు, మోటారు లేదు. పాలీవాల్ బ్రాహ్మణులు వందల ఏళ్ల కిందట మొదలుపెట్టిన పద్ధతి. ఇక్కడ ఏడాదంతా కలిపినా వాన సగటున 200 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. మన అనంతపురంలో 500 దాటుతుంది.

ఆ కట్ట మీద చానాసేపు కూర్చున్నా. మా చేనికి ఎగువనా గుట్ట ఉంది. దాని నీళ్లు ఏటా వంకలో పోతాంటే చూస్తా, బోర్లకు అప్పులు చేసినా. మనది ఎర్రనేల, పదును అంతకాలం నిలుస్తుందో లేదో.

కౌలు ఉగాదికి అయిపోతుంది. మావాడికింకా చెప్పలేదు. మీలో ఎవరన్నా గుట్ట కింద కట్ట వేసి ఉంటే, మట్టిపనికి ఎంతయిందో కింద రాయండి.