పొగమంచు పేర్ల జహాజులు

మా భాంజా దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. ఎల్బీనగర్‌లో మా ఇంటి నుంచి మెట్రోలో మూడో స్టేషన్. ఇత్వార్ వస్తే వాళ్ళ ముమానీ కట్టిచ్చిన డబ్బా పట్టుకెళ్తాను. వాడికి జపాన్ జంగీ జహాజుల పిచ్చి. ఫోన్లో ఫుబుకి అనే డిస్ట్రాయర్ స్కూలు పిల్ల బొమ్మగా ఉంటుంది. జపాన్‌లో వచ్చిన గేమ్ అది. పాత జహాజులకు ఆడపిల్లల రూపం ఇచ్చారు. "మామూ, అసగిరి అంటే పొద్దుటి పొగమంచు. యూగిరి అంటే సాయంత్రంది. అమగిరి ఆస్మాన్‌ది. షిరకుమో అంటే సఫేద్ బాదల్" అని గడగడా చెప్పాడు. ఎవరో షాయర్ పెట్టినట్టున్నాయి. "ఈ నాలుగూ మన సముందర్‌కి వచ్చినవే బేటా" అంటే వాడు నమ్మలేదు.

వచ్చాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులేశాయని మనవాళ్ళలో చాలామందికి తెలుసు. విశాఖ మ్యూజియంలో ఆనాటి బాంబు ఒకటి పెట్టారు కూడా. ఆ విమానాలు ర్యూజో అనే జహాజు మీంచి లేచాయి. అడ్మిరల్ ఒజావా తన బేడాను మూడు దస్తాలుగా చీల్చి బంగాళాఖాతంలోకి వదిలాడు. ఒక్కో దస్తాలో పెద్ద క్రూజర్లు, వాటి వెంట ఈ డిస్ట్రాయర్లు. ఫుబుకి రకం 1928లో మొదలైంది. ఆరు తోపులు, తొమ్మిది టార్పెడో గొట్టాలు. ఆ రోజుల్లో దునియాలో అంత జబర్దస్త్ డిస్ట్రాయర్ ఇంకోటి లేదు. మరి ఆ రోజు వాటికి ఎదురుపడ్డవి ఏవి? సరుకు మోసే జహాజులు. కాపలా లేదు. కొద్ది రోజుల్లో 20కి పైగా ముంచేశారు, లక్ష టన్నులకు పైన. ఒడిశా తీరంలో మాల్డా పోయింది. ఇటు మన కోస్తా ఎదుట గందారా పోయింది. దాన్ని ముంచిన దస్తాలో ఉన్నది అమగిరే.

ఇక్కడే నాకు మనసు ఆగిపోతుంది. మాల్డా, గందారా రెండూ బ్రిటిష్ ఇండియా కంపెనీవి. అలాంటి జహాజుల మీద కెప్టెన్, ఆఫీసర్లు గోరేలోగ్. పనివాళ్ళు మన ముల్క్ ఖలాసీలు. డెక్ మీద నోఆఖలీ, చాట్‌గావ్, రత్నగిరి వాళ్ళు, కింద ఇంజన్ గదిలో బొగ్గు తోసే సిల్హెటీలు. ఎక్కువమంది ముసల్మాన్లే. జంగ్ నాటికి బ్రిటన్ సరుకు జహాజుల సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు వీళ్ళే. తన్‌ఖా మాత్రం గోరేలకంటే చాలా తక్కువ. 1939లో హర్తాళ్ చేస్తేగానీ పెరగలేదు. వాళ్ళని ఇంగ్లీషులో లాస్కర్లన్నారు, మన లష్కర్ మాటే అది. వాళ్ళ పెద్ద సరంగు. ఫార్సీ సర్‌హంగ్ అది. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి ఇప్పటికీ సరంగే అంటారు.

టార్పెడో తగిలితే ముందు నీళ్ళు దూరేది ఇంజన్ గదిలోకి. అక్కణ్ణించి పైకి రావడానికి ఇనుప నిచ్చెన ఒక్కటే.

మా వాడికి అమగిరి ఇంకో కిస్సా తెలుసు. 1943 ఆగస్టులో సాలమన్ దీవుల దగ్గర చీకట్లో ఒక అమెరికన్ చిన్న పడవను గుద్ది రెండు ముక్కలు చేసింది. అందులోంచి ఈదుకుంటూ బతికిన ఆఫీసరే తర్వాత ప్రెసిడెంట్ అయిన కెనెడీ. ఆ పడవ నంబరు 109 అని కూడా చెప్పాడు. కెనెడీ ఉన్నాడు గనక పడవ నంబరు కూడా మిగిలింది.

(మన నిజాం పేరుతోనూ ఒక డిస్ట్రాయర్ ఉండేది, ఆస్ట్రేలియా వాళ్ళు నడిపారు. 1945లో జపాన్ హథియార్ దించిన రోజు టోక్యో అఖాతంలోనే ఉంది. ఇది విని వాడు మొదటిసారి ఫోన్ పక్కన పెట్టాడు.)

ఆ నాలుగు పొగమంచు, మబ్బు పేర్లూ నీళ్ళలోకే పోయాయి. అసగిరి 1942లోనే, యూగిరి మరుసటేడు, షిరకుమో, అమగిరి 1944లో. వాటిలోనూ ఎవరి బేటాలో ఉన్నారు.

ఖలాసీల పేర్లు పూర్తిగా పోలేదు. ఆ జంగ్‌లో చనిపోయి, సముందర్ తప్ప వేరే ఖబర్ లేని హిందుస్తానీ నావికులు 6,000 మందికి పైగా పేర్లు ఒక కితాబులో రాసి పెట్టారు. ఒక నకలు ముంబైలో నావికుల హోమ్‌లో, ఇంకోటి చాట్‌గావ్ యుద్ధ ఖబరస్తాన్‌లో ఉన్నాయి. మా వాడు ఆ కితాబు ఫోన్లో దొరుకుతుందా అని అడిగాడు. ఎగ్జామ్ అయ్యాక ముంబై తీసుకెళ్తానన్నాను. ఫీజు కిస్తీ కట్టాక టికెట్లు చూడాలి.