మాకు లేని పాతకాలం

పాతదే అసలు, కొత్తది నకలు. తీగ వాయిద్యాల గురించి మగవాళ్లు మాట్లాడుకునే చోట ఈ మాటకు తిరుగులేదు. 1960ల నాటి బేస్ గిటార్‌నీ, అచ్చం దానిలాగే ఇప్పుడు తయారుచేసిన ‘రీఇష్యూ’నీ పక్కపక్కన పెడితే, వినకముందే తీర్పు అయిపోతుంది. పాతదాని ధర లక్షల్లోకి పోతుంది. కొత్తది ‘పర్వాలేదు, నేర్చుకునేవాళ్లకు సరిపోతుంది’ అనిపించుకుంటుంది. ఆ కొత్తదాన్ని వాయించే ఆడమనిషిగా, ఈ తీర్పు వెనక ఏముందో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

నేను వాయించేది సెమీ హాలో బేస్. దాని పొట్ట పల్చని చెక్కతో బోలుగా ఉంటుంది. లోపల నడుమన మాత్రం నిలువునా ఒక చెక్క దిమ్మ ఉంటుంది. పూర్తిగా బోలైతే స్పీకర్ మోతకు పొట్ట అదిరి కూత పెడుతుంది. దిమ్మ ఆ అదురును ఆపుతుంది, బోలు మాత్రం గొంతుకు గుండ్రదనాన్నిస్తుంది. గిబ్సన్ కంపెనీ ఈబీ-2 అనే ఇలాంటి బేస్‌ను 1958లో తెచ్చింది. గిల్డ్ కంపెనీ స్టార్‌ఫైర్ బేస్ 1965లో వచ్చింది. ఈబీ-2 తయారీ 1972లో ఆగిపోయింది. స్టార్‌ఫైర్ కూడా ఆ దశకంలోనే మూలబడి, 2013లో కొరియాలో తయారై రీఇష్యూగా మళ్లీ వచ్చింది. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలైతే వీటిలో 31కి లోపే. చిన్న చేతికి అందుతుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎందుకంటే మా కోరుట్లలో బేస్ గిటార్ నా చేతికి రానేలేదు. 1980ల్లో మా మేనమామ ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్లు, అప్పుడప్పుడు గోదావరిఖని దాకా ప్రోగ్రాములు. ఆ గిటార్ తుడవడం నా పని. పెట్టెలో పెట్టి మూత వేయడం నా పని. ఒకసారి తీగ మీద వేలు పెట్టాను. మామ కసురుకోలేదు, నవ్వాడు. “అది నీతోని కాదు బిడ్డా. ఆడివిల్లవు, పాట నేర్సుకో. లేడీ సింగర్‌కు మస్తు గిరాకి ఉన్నది” అన్నాడు. నిజమే, వేదిక మీద ఆడగొంతుకు చోటుంది. ఆడచేతికే లేదు. గొంతు దేవుడిచ్చింది, వాయిద్యం నేర్చుకున్న విద్య! విద్య దగ్గరికొచ్చేసరికి మనకు తుడిచే గుడ్డే మిగిలింది.

యాభయ్యో ఏట, జీతం బకాయిలు చేతికొచ్చినప్పుడు, ఒక స్టార్‌ఫైర్ రీఇష్యూ కొనుక్కున్నాను. “ఈ వయసులో వీణ అయితే బాగుండేది కదా” అన్నారు కాలేజీలో.

తర్వాత హైదరాబాద్‌లో వాయిద్యాలు సేకరించే ఒక పెద్దాయన ఇంట్లో 1966 నాటి స్టార్‌ఫైర్ ఉందని తెలిసి, నాది పట్టుకుని వెళ్లాను. రెండూ ఒకే స్పీకర్‌కు పెట్టి విన్నాం. తేడా లేదంటే అబద్ధమవుతుంది. పాతది తేలిక. దాని మీది పల్చని లక్క అక్కడక్కడా చిట్లి, ఎండిన చెరువు మట్టిలా ఉంది. స్పీకర్ లేకుండా మీటినా పక్కటెముకలకు తగులుతుంది. స్వరం మొదట గట్టిగా పలికి, తొందరగా సద్దుమణుగుతుంది. నాదాని మీద పూత మందం, బరువూ ఎక్కువే. స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ నాది శ్రుతి తప్పదు, మెడ వంగలేదు, గరగర లేదు. పాతదాన్ని ఆయన మూడుసార్లు శ్రుతి చేయాల్సి వచ్చింది. కింది స్వరాల్లో కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో ఆయనా రెండుసార్లు పొరబడ్డారు.

అయినా గిటార్ లోపల పెడుతూ, “ఇది అప్పటి చేతిపని మేడమ్. అలాంటి చేతులు ఇప్పుడు లేవు” అన్నారు.

ఎవరి చేతులు? నా ప్రశ్న అక్కడ మొదలైంది.

ఎలక్ట్రిక్ గిటార్‌కు ప్రాణం పికప్. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుడితే అది తయారవుతుంది. చుట్లు ఎన్ని, బిగువెంత, తీగ మీద తీగ ఎలా పడింది అన్నదాన్ని బట్టి గొంతు మారుతుంది. ఫెండర్ కంపెనీలో ఆ తీగ చుట్టిన అబిగైల్ ఇబారా 1956లో పనిలో చేరి 2013లో విరమించారు. దశాబ్దాలు గడిచాక గానీ ఆమె పేరు బయటికి రాలేదు. వచ్చాక ఆమె పొడి అక్షరాలున్న పికప్‌లకు గిరాకీ పెరిగింది. గిటార్ వాయించి దేవుళ్లయిన మగవాళ్ల పేర్లు మనకు తెలుసు. వాళ్ల ‘టోన్’ చుట్టిన వేళ్లు ఎవరివో ఎందరికి తెలుసు?

గిబ్సన్ కథ ఇంకా విచిత్రం. ఈబీ-2 పుట్టిన కలమజూ ఫ్యాక్టరీలోనే, అంతకు ముందు రెండో ప్రపంచ యుద్ధకాలంలో, మగవాళ్లు సైన్యానికి పోతే మామూలు గిటార్లు చేసింది దాదాపు అందరూ ఆడవాళ్లే. యుద్ధకాలంలో గిటార్లే చేయలేదన్నట్టు కంపెనీ చెప్పుకుంటూ వచ్చింది. ఫ్యాక్టరీ ముందు వరసగా నిలబడ్డ ఆడవాళ్ల పాత ఫోటో ఒకటి చూసి జాన్ థామస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఆరా తీశాడు. బతికున్నవాళ్లను వెతికి మాట్లాడాడు. ఆ గిటార్లకు ఎక్స్‌రేలు తీయించి, చెక్క ఎంత నాజూకుగా చెక్కారో చూపించాడు. ‘కలమజూ గాల్స్’ అనే ఆ పుస్తకం వచ్చేదాకా, సేకర్తలు ప్రాణంగా చూసుకునే ఆ పాత గిటార్లు ‘అనుభవం పండిన పనివాళ్ల’ ఖాతాలోనే ఉన్నాయి.

ఇదంతా చదువుతుంటే నాకు అమెరికా కనబడలేదు, మా అవ్వ కనబడింది. తునికాకు ఆదిలాబాద్ అడవుల్లోంచి వచ్చేది. దాన్ని తడిపి, కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి ముడిచేది. కూలి వెయ్యికి ఇంత అని. కార్ఖానాలో బాగలేవని కొన్ని పక్కకు తీసేసేవాళ్లు, వాటికి పైసలు రావు. కట్ట మీద ముద్ర సేటుది. బిగువు ఎంతుండాలో మా అవ్వ వేళ్లకు తెలుసు, లెక్కపెట్టకుండానే తెలుసు. దాన్ని ఎవరూ ‘పాతకాలం చేతిపని’ అనలేదు!

ఆదిలాబాద్ అంటే కిక్రీ గుర్తొస్తుంది. చెక్క తొలిచి, తోలు కప్పి, మూడు తీగలు కట్టి, విల్లుతో వాయించే వాయిద్యం. ప్రధాన్‌లు, తోటీలు దానితో గోండుల గోత్రాల కథలు పాడతారు. దాని విలువ చెక్క వయసులో కన్నా, అది మోసే కథలో ఉంది. పాత కిక్రీ పాడైతే కొత్తది చేసుకోవచ్చు, కథ పోతే ఏం చేస్తాం? ఈ చూపు నాకు నచ్చింది. కానీ నేను చూసినంతలో అక్కడా విల్లు పట్టింది మగచేయే. పాత వాయిద్యాన్ని కాపాడాలనే సభల్లో, దాన్ని ఇక మీదట ఎవరి చేతికిస్తారనే ప్రశ్న కూడా రావాలి కదా.

మన సాహిత్యంలో ‘రీఇష్యూ’ అంటే ఏమిటో ఒక సంగీత విదుషి వందేళ్ల కిందటే చేసి చూపింది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ అంతకు ముందు అచ్చయినప్పుడు అందులోంచి కొన్ని పద్యాలు తీసేశారు, కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠికా తీసేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి వెతికి పట్టుకుని, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తిగా అచ్చు వేయించింది. ప్రభుత్వం నిషేధించింది, అది వేరే గొడవ. పాత ముద్రణ చేసినామెను చెరిపేస్తే, కొత్త ముద్రణ ఆమెను తిరిగి తెచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఏది అసలు, ఏది నకలు?

గిటార్ కంపెనీలు చేసేది అది కాదు. 1995 నుంచి ఫెండర్ కొత్త గిటార్లకు కావాలని గీతలు పెట్టి, రంగు గీకి, పాతవాటిలా అమ్ముతోంది. ఎవరో మగవాడి మోచేయి రుద్దిన మరకను కూడా తిరిగి సృష్టించగలరు. తీగ చుట్టిన ఆడమనిషి పేరు మాత్రం ఎక్కువ పెట్టెల్లో కాగితం మీద రాదు. నా రీఇష్యూ లోపలి పికప్‌ను కొరియాలో ఎవరు చుట్టారో నాకూ తెలియదు. అందుకని కొత్తదాన్ని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. అది కూడా ఒక ఫ్యాక్టరీ సరుకే.

నేను చెప్పేది ఒక్కటే. పాతకాలం మీద బెంగ, ఆ కాలంలో చోటున్నవాళ్లకు వచ్చేది. ఆ పాత బేస్‌లు కొత్తగా మెరుస్తున్నప్పుడు వాటిని చుట్టినవాళ్లకు పేరు లేదు, తుడిచినవాళ్లకు వాయించే హక్కు లేదు. తిరిగి వెళ్లడానికి మనకు అక్కడ ఇల్లే లేదు. పెద్దాయన దగ్గరున్నది నిజంగానే మంచి వాయిద్యం. ఆ గుండ్రటి గొంతు ఇంకా నా చెవిలో ఉంది. కానీ దాని చరిత్రలో నేను లేను. నా చేతిలో ఉన్నదాని మొదటి గీత నా గాజుది. వాళ్లకది పునర్ముద్రణ కావచ్చు, నాకు మాత్రం తొలి ముద్రణే.