వర్ణకిరీటమూ స్ఫటికమూ



స్ఫటికం స్వభావతః నిర్మలమైనది. దాని సమీపంలో జపాకుసుమాన్ని, అనగా మందారపువ్వును ఉంచితే స్ఫటికమే ఎర్రబడినట్లు భాసిస్తుంది. పువ్వును తొలగించగానే ఎరుపు తొలగిపోతుంది. స్ఫటికానికి అంటినదీ లేదు, దానిని వదిలినదీ లేదు. ఇట్లు సమీపంలో ఉండి తన ధర్మాన్ని మరొకదానిపై తోపింపజేసేదే ఉపాధి. పాఠశాలలో గురువుల సన్నిధిని నేర్చిన ఈ దృష్టాంతం, వందలాది జనులలో ఏకకాలంలో ప్రత్యక్షమగుటను గత వేసవిలో అమెరికాలోని డాలస్ నగరంలో చూచాను.

మా చిరంజీవి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. మనుమని ఎనిమిదవ జన్మదినం సందర్భంగా కుటుంబమంతా ‘మెడీవల్ టైమ్స్’ అనే వినోదశాలకు వెళ్లాము. స్పెయిన్ దేశపు మయోర్కా ద్వీపంలో ఆరంభమైన ఈ విందు ప్రదర్శన 1983లో ఫ్లోరిడా రాష్ట్రంలోని కిసిమీ ద్వారా అమెరికాకు వచ్చినది. వెలుపల కోట ఆకారం. లోపల ఇసుక పరచిన రంగస్థలం. చుట్టూ మెట్లవరుసలుగా భోజనపు బల్లలు. మధ్యయుగపు రాజాస్థానాన్ని కల్పించి, నైట్‌లు అనబడే అశ్వయోధులు ఈటెలతో తలపడుతుండగా ప్రేక్షకులు భుజిస్తూ వీక్షిస్తారు. ఆండలూసియన్ జాతి అశ్వాల పాదవిన్యాసం నిజముగా చూడదగినది. ప్రాచీనాచారమని చెప్పి అక్కడ ముళ్లచెంచాలు ఇవ్వరు. చేతితో తినవలసి రావడం ఆ దేశస్థులకు పెద్ద వినోదం, మనకు నిత్యకృత్యం! శాకాహారం ఏర్పాటు ఉన్నప్పటికీ, నియమానుసారం నేను ఇంటివద్దనే భోజనం ముగించుకొని వెళ్లాను. కనుక నా దృష్టి అంతా మనుష్యులపైననే నిలిచినది.

ప్రవేశద్వారం వద్ద ప్రతివారికీ ఒక కాగితపు కిరీటం ఇస్తారు. దాని రంగును బట్టి కూర్చునే స్థానం, ఆ రంగును బట్టి అభిమానింపవలసిన వీరుడు. మాకు పసుపు వచ్చినది. మేము కోరినది కాదు. అర్హతను బట్టి వచ్చినదీ కాదు. కాని అరగంట గడిచేసరికి మా మనుమడు “మనవాడే గెలుస్తాడు తాతయ్యా!” అని గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నాడు. మితభాషి అయిన వాని తండ్రి సైతం బల్లను చరుస్తున్నాడు. ఇంతలో నీలిరంగు యోధుని ఈటె తగిలి మా పసుపు వీరుడు నేలకూలాడు. పిల్లవాని కన్నులు నీటితో నిండినవి. “ఆ నీలివాడు చెడ్డవాడు” అన్నాడు.

“అతడేమి చేశాడు నాయనా?” అని అడిగాను.

“వాడు నీలం కదా తాతయ్యా!”

సూత్రభాష్యారంభంలో శంకర భగవత్పాదులు అధ్యాసను నిరూపిస్తూ, పుత్రాదులు క్షేమంగా ఉంటే తానే క్షేమమనీ, వారికి వైకల్యం కలిగితే తనకే కలిగినదనీ మానవుడు భావిస్తాడని చెప్పారు. పుత్రుని విషయమైతే జన్మసంబంధం ఉన్నది. ఇక్కడ సంబంధమంతా ఒక కాగితపు ముక్క! మమకారం పుట్టడానికి అంతపాటి ఆధారమే చాలినది. మమకారం వెంటనే ద్వేషమూ పుట్టినది.

మహాభారతం ఆదిపర్వంలో కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనం స్మరణకు వచ్చినది. కర్ణుడు ప్రవేశించి అర్జునునితో తలపడబోగా రంగమంతా రెండు పక్షాలుగా చీలిపోయినది. స్త్రీలలోనూ భేదం ఏర్పడినది. సభలో కుంతి ఒక్కతె మాత్రం మూర్ఛిల్లినది. ఇద్దరూ తన బిడ్డలే అని ఎరిగినది ఆమె. విదురుడు చందనోదకంతో సేదదీర్చవలసి వచ్చినది. ఎరుగనివారికి అది పక్షపాతం. ఎరిగిన తల్లికి అది వేదన.

ఈ ప్రసంగం నా హృదయాన్ని తాకడానికి వేరొక కారణం ఉన్నది. మా చిరంజీవికి అమెరికా పౌరసత్వ ప్రమాణానికి తేదీ నిశ్చయమైనది. భారతదేశ చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు; మన పాస్‌పోర్టును తిరిగి అప్పగించవలెను. అన్య రాజులకూ రాజ్యాలకూ విధేయత విడిచితినని ఆ ప్రమాణంలో పలుకవలసి ఉంటుంది. వారం దినాలుగా తండ్రీకొడుకులం ఆ ప్రస్తావన తేలేదు. ఆ రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట వాడే అడిగాడు: “నాన్నగారూ, నేను ప్రమాణం చేస్తే మీకు పరాయివాడినవుతానా?”

ఉపాధిని మిథ్య అన్నంత మాత్రాన అది నిరర్థకం కాదు. వ్యవహారదశలో దానికి సంపూర్ణ ప్రామాణ్యం ఉన్నది. అన్నం పెట్టిన నేలకు విధేయుడై ఉండడం, దాని చట్టాన్ని పాటించడం ధర్మమే. ప్రమాణం చేసేవాడు మనఃపూర్వకంగా చేయవలెను. కాని పసుపు ధరించినవాడు నీలాన్ని ద్వేషింపవలెనని ఏ శాస్త్రమూ విధించలేదు. ఈ వివేకం కలిగినంత మాత్రాన తండ్రి గుండె బరువు తొలగుతుందని నేను చెప్పను. స్ఫటిక దృష్టాంతం తెలిసిన కన్ను కూడా ఎరుపునే చూస్తుంది. అది స్ఫటికానిది కాదని మాత్రం ఎరుగుతుంది.

ఐరోపాలో నైట్‌లు ఈటెలు పట్టిన 14వ శతాబ్దిలోనే మన విద్యారణ్యస్వాములు పంచదశిలో నాటకదీప ప్రకరణాన్ని రచించారు. నాట్యశాలలోని దీపం ప్రభువునూ, సభ్యులనూ, నర్తకినీ తారతమ్యం లేక ప్రకాశింపజేస్తుంది. అందరూ వెడలిపోయిన పిదపనూ వెలుగుతూనే ఉంటుంది. సాక్షి చైతన్యం అట్టిది. దానికి పసుపు లేదు, నీలం లేదు.

నేను వానికి వేదాంతం చెప్పలేదు. “ప్రమాణం నాటి ఉదయం స్నానం చేసి రా, సంకల్పం చెప్పిస్తాను” అన్నాను. వచ్చి కూర్చున్నాడు. అమెరికాలోని పురోహితులు కొందరు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమని చెప్పుట వాడు విని ఉన్నాడు. “ఏ ద్వీపం చెప్పమంటారు నాన్నగారూ?” అని అడిగాడు.

“నీవు నిలిచిన చోటు చెప్పు. గోత్రం మాత్రం తాతముత్తాతలది చెప్పు” అన్నాను.

సంకల్పంలో దేశం మారుతుంది. సంవత్సరం, తిథి, వారం మారుతూనే ఉంటాయి. “అహం” అని పలికేవాడు ఎవడో, వానిని విచారించడానికే ఈ జన్మ.

స్వస్తి.