మా పాత కారు నేర్పిన పాఠము

మంజీరా నదీతీరమున నున్న మా బీర్కూరులో పుష్యమాసము వచ్చినచో తెల్లవారుజామున మంచు దట్టముగా కమ్ముకొనును. నిజాంసాగరు కాలువనీటితో తడిసిన వరిమళ్ళ మీదుగా వీచు గాలి ఎముకలు కొరుకును. ఆ దినములలో వృద్ధుడనైన నేనే వేకువన లేచెడివాడను గాని, మా పాత కారు లేచెడిది కాదు.

అది మారుతి 800. 1983 డిసెంబరులో వీధుల కెక్కిన ఆ రకపు కార్ల తయారీ 2014లో నిలిచిపోయెను. నా బండి 1996 నాటిది. దాని యంత్రము 796 ఘన సెంటీమీటర్లది, మూడు సిలిండర్లు, పెట్రోలును గాలితో కలుపుటకు కార్బురేటరు గలదు. ఉద్యోగవిరమణ పిదప నా భార్యను బాన్సువాడకు వైద్యునికడకు తీసికొని పోవుటకు అదియే మాకు ఆధారము.

ఒకనాటి వేకువన ఆమెకు ఆయాసము హెచ్చెను. తాళపుచెవి త్రిప్పితిని. యంత్రము దగ్గెను, వణకెను, ఆగెను. నాలుగైదు మారులు అట్లే జరిగెను. తుదకు పొరుగువారి ఆటోలో పోయి గండము గడిపితిమి. చలిలో బ్యాటరీ బలము తగ్గునని వినియుంటిని గనుక ఆ సాయంకాలమే క్రొత్త బ్యాటరీ కొని తెచ్చితిని. మరునాటి వేకువన కారు మరల దగ్గెను.

అప్పుడు ఒక మెకానిక్కును పిలిపించితిని. అతడు పానా చేతబట్టకముందే ప్రశ్నలు మొదలిడెను.

"సారూ, మధ్యాహ్నం గూడ గిట్లనే సతాయిస్తదా?"

లేదంటిని.

"తాళం తిప్పితే ఇంజను జోరుగ తిరుగుతుండెనా, పాత బ్యాటరీ ఉన్నప్పుడు గూడ?"

తిరుగుచుండెనంటిని.

"అయితే బ్యాటరీల తప్పు లేకుండె సారూ."

నా ధనము వ్యర్థమైనదని అప్పుడు గ్రహించితిని.

పిదప అతడు ప్లగ్గులను విప్పి చూచెను. అవి తడిసియున్నచో పెట్రోలు మిక్కుటముగా చేరినట్లు గుర్తు. ఇవి పొడిగా, తెల్లబారి యుండెను. అనగా పెట్రోలు చాలుట లేదు. నిప్పురవ్వ మాత్రము నీలముగా చక్కగా మెరిసెను. ఇక మిగిలినది గాలియు పెట్రోలును కలియు చోటు.

చలిలో పెట్రోలు సులభముగా ఆవిరి కాదు. ఆవిరియైన భాగమే గాలితో కలిసి మండును. కావున యంత్రము వేడెక్కువరకు మిశ్రమములో పెట్రోలు పాలు హెచ్చుగా నుండవలెను. అందులకై చోక్ అను చిన్న మూత కార్బురేటరు నోటిని మూసి గాలిని తగ్గించును. మెకానిక్కు గాలి వడపోత పెట్టెను తొలగించి, నన్ను చోక్ గుండీని లాగుమనెను. మూత సగమే పడెను. దానిని లాగు తీగ తుప్పుపట్టి తొడుగులో బిగుసుకొని యుండెను. అతడు మూతను వ్రేలితో పూర్తిగా మూయగా యంత్రము ఒక్క త్రిప్పుతో మేల్కొనెను. ఆ గుండీ ఏండ్లతరబడి బిగువుగానే వచ్చుచుండగా, అది దాని స్వభావమనుకొని, చుక్క నూనెయైన వేయక ఊరకుంటిని. తప్పు నాదే.

ఆ రాత్రి నాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. నేను ప్రధానోపాధ్యాయుడుగా నుండిన ఒక పాఠశాలలో అతడు మొదటి గంటలో కునికిపాట్లు పడుచుండెడివాడు. మధ్యాహ్నపు వేళ లెక్కలు అందరికంటె ముందుగా చేసెడివాడు. నేనతనిని సోమరియని నిందించి, పలుమారులు బల్లపై నిలబెట్టితిని. కొన్నాళ్ళకు అతడు బడి మానివేసెను. ఆ కాలమున పొలములకు విద్యుత్తు తరచుగా రాత్రివేళనే వచ్చెడిది. తండ్రికి తోడుగా అతడు నడిరేయి లేచి మోటారు వేయుటకు పోవుచుండెనని చాల ఆలస్యముగా తెలిసికొంటిని. ఉదయమున మగత, మధ్యాహ్నమున చురుకుదనము: ఆ ఆనవాలు నా కన్నులయెదుటనే యుండెను. మెకానిక్కు కారును గూర్చి అడిగిన మొదటి ప్రశ్నను నేను ఆ బాలుని గూర్చి అడుగనైతిని.

బ్యాటరీకి పెట్టిన సొమ్ము పోయినందులకు నాకు చింత లేదు. ఆ బాలుడు పోగొట్టుకొనిన చదువును మాత్రము తిరిగి తేజాలను.

బాలలారా! యంత్రము మొరాయించినను, తోడివాడు వెనుకబడినను, ఎప్పుడు, ఎట్లు, ఎందువలన అని మొదట అడుగుడు. కారణము చేతికి చిక్కిన పిదపనే తీర్పు చెప్పుడు.